ఈ కత్తెర ఎక్కడిది?

టకటక బాబాయి చేతికి కత్తెర ఇవ్వకూడదన్న సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇస్తే తిరిగి రాదని కాదు, పాపం, ఆయన అలాంటివాడు కాదు. ఇచ్చిన కత్తెరను ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, చెవి దగ్గర పెట్టుకుని, "అయ్యో, ఎవడు దిద్దాడమ్మా దీన్ని!" అని నిట్టూర్చి జేబులోంచి చిన్న సుత్తి తీస్తాడు. ఇక అంతే సంగతులు. మంగలి షాపులో సగం క్రాఫుతో కూర్చున్నవాడు అలాగే కూర్చోవాలి. ఒకసారి పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళి, నొప్పి సంగతి మరిచిపోయి, నర్సు చేతిలో ఉన్న కత్తెరకు వైద్యం చేసి ఇంటికొచ్చాడు. పన్ను అలాగే ఉంది. నర్సు మాత్రం ఎక్కడ కనిపించినా దండం పెడుతుంది.

భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆవిడ తన కత్తెరను దుప్పట్ల అడుగున దాచుకుంటుంది. "నా కత్తెర నిక్షేపంలా ఉంది, మహానుభావా, దాని జోలికి రాకండి" అంటుంది. ఆయన పనికి వెళ్ళాక తీసి చూసుకుంటే, ఎప్పుడు దిద్దాడో ఏమో, నిన్నటికన్నా బాగా తెగుతుంది. ఆవిడ ఒళ్ళు మండేది అందుకే.

కత్తెర దిద్దడమంటే ఏమిటో చెప్పకపోతే ఈ కథ అడుగు ముందుకు పడదు. రెండు రెక్కలు తెచ్చి మధ్యలో మర బిగిస్తే కత్తెర అయిపోతుందనుకుంటాం మనం. అవదు. రెక్కలు రెండూ తిన్నగా ఉంటే గుడ్డ తెగదు, మధ్యలో ఇరుక్కుని మడతపడుతుంది. రెక్కలకు కంటికి ఆననంత వంపు ఉండాలి. మూస్తున్నప్పుడు అవి ఒక్కచోటే తాకాలి, ఆ తాకే చోటు మొదటి నుంచి కొసదాకా జారుతూ పోవాలి. ఇనుప దిమ్మ మీద పెట్టి కొట్టే నాలుగైదు సుత్తి దెబ్బలతో ఆ వంపు వస్తుంది. ఏ దెబ్బ ఎక్కడ పడాలి, ఎంత గట్టిగా పడాలి అన్నది ఏ కత్తెరకు ఆ కత్తెరే. బాబాయి నలభై ఏళ్ళుగా కత్తెరలు తయారుచేసే షెడ్డులో చేస్తున్నది ఈ పనే. టకటక అన్న పేరు వచ్చింది కూడా ఆ సుత్తి చప్పుడు వల్లే.

షెడ్డు ఓనరు బాబాయి కళ్ళముందు పెరిగినవాడు. మనసు మంచిదే, మనిషే ఉత్త కంగారు. తండ్రి పోయాక వ్యాపారం తన చేతికొచ్చింది. తండ్రి రోజుల్లో రెక్కలు షెడ్డులోనే కాల్చి సాగదీసేవారు. ఇప్పుడు రెక్కలు ఒక దేశం నుంచి, మరలు ఇంకో దేశం నుంచి, ప్లాస్టిక్ పిడులు మరో దేశం నుంచి పెట్టెల్లో దిగుతాయి. షెడ్డు గోడ మీద మాత్రం 'అచ్చమైన స్వదేశీ కత్తెరలు' అని మనిషెత్తు అక్షరాలుంటాయి. ఆ రాసిన రంగు కూడా బయటి దేశానిదేననుకోండి, అది వేరే సంగతి.

ఇలా ఉండగా, కుట్టుపని నేర్పే ప్రభుత్వ కేంద్రాలన్నీ ఇకమీదట స్వదేశీ ముద్ర ఉన్న కత్తెరలే కొనాలని కొత్త నియమం వచ్చింది. ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి ముద్ర ఇస్తారట. ఓనరు బాబాయిని పక్కకు పిలిచాడు.

"బాబాయ్, ముద్ర వచ్చిందా, మనం బతికాం. రాలేదనుకో, నువ్వు దిద్దే ఈ బెంచీ ఎత్తేస్తాను. బయటి దేశంలోనే దిద్దేసిన కత్తెరలు తెప్పించి అమ్ముకుంటాను. నాకు వేరే దారి లేదు. ఏమీ అనుకోకు."

బాబాయి ఏమీ అనుకోనట్టే తలూపాడు. కానీ ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. నాలుగో రోజు పొద్దున భార్యే అడిగింది.

"ఏంటండీ, నా కత్తెర జోలికి రావడం మానేశారు? ఒంట్లో బాగానే ఉందా?"

చెప్పాడు. ఆవిడ కుట్టుమిషను ఆపేసింది.

"పోతే పోయింది బెంచీ. ఇంకో పని చూసుకోలేమా?"

"నాకింకేం పని వచ్చు?"

 బాబాయి గొంతు తగ్గించాడు.

"అది కూడా కాదు. స్వదేశీ, స్వదేశీ అంటున్నారు కదా. నువ్వెక్కడివాడివి అని నన్నడిగితే?"

ఆయన పుట్టింది సరిహద్దుకు అవతల. ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి భుజమెక్కి ఇటు వచ్చాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు వీధిలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. తన మూలంగా ముద్ర పోతుందేమోనన్న దిగులు ఆయన్ను లోపల తినేస్తోంది.

"అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మీకు అబద్ధం చేతకాదు, చెవులు ఎర్రబడతాయి" అందావిడ.

ఆఫీసరు వచ్చే రోజు రానే వచ్చింది. వచ్చినావిడ సన్నగా ఉంది, కళ్ళద్దాలు, చేతిసంచీ, మాట పొదుపు. సంచీలోంచి చిన్న తూకం మిషను తీసి బల్ల మీద పెట్టింది. ఏ భాగం ఎక్కడిది, ఎంత బరువు అన్నది ఫారం నిండా రాయాలట. ఓనరుకు ఈ తూకం గొడవ ముందే తెలుసు. అందుకే తెలివిగా ఏర్పాట్లు చేసి పెట్టుకున్నాడు. సగర్వంగా ఒక పెట్టె తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చెయ్యి కిందికి జారింది.

"ఇందులో ఏముంది, ఇటుకా?"

"కత్తెరే మేడమ్! పెట్టె మాత్రం నూటికి నూరుపాళ్ళు మన దేశపు అట్ట. కత్తెర కన్నా మూడింతల బరువు!"

"జనం పెట్టెతో బట్ట కత్తిరిస్తారా?"

ఓనరు పెట్టెలోంచి కత్తెర తీసి ఇచ్చాడు. ఆవిడ కత్తెర విప్పించి, ముక్కలు తూచి రాసుకుంది. రెక్కలు బయటివి. మర బయటిది. పిడులు బయటివి.

"మరి ఇక్కడిదేముంది?"

"నూనె మేడమ్! మర దగ్గర ఒక చుక్క వేస్తాం."

"ఎక్కడి నూనె?"

ఓనరు నూనె డబ్బా తిప్పి, మీద రాసింది చదువుకుని, చప్పుడు చెయ్యకుండా దాన్ని బల్ల కింద పెట్టేశాడు.

"సరే, ఒకటివ్వండి, కత్తిరించి చూస్తాను" అందావిడ, సంచీలోంచి బట్టముక్క తీస్తూ.

ఇక్కడే మన ఓనరు పప్పులో కాలేశాడు. దిద్దిన కత్తెర మీద సుత్తి తగిలిన మసక మచ్చలుంటాయి. ఆఫీసరుకు ఇచ్చేది తళతళలాడాలి కదా అని, రెక్కలకు మర బిగించి ఇంకా బాబాయి బెంచీకి చేరని కత్తెరను ఏరి ఇచ్చాడు. ఆవిడ బట్ట మీద పెట్టి నొక్కింది. తెగలేదు. మళ్ళీ నొక్కింది. బట్ట నాలుగు మడతలై రెక్కల మధ్య ఇరుక్కుంది.

"ఇది కత్తెరేనా?"

"కొత్తది కదా మేడమ్, కొంచెం మొహమాటం" అన్నాడు ఓనరు. తన నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు.

ఆఫీసరు వెళ్ళేదాకా నోరు మెదపొద్దని బాబాయికి ఓనరు ముందే గట్టిగా చెప్పి ఉంచాడు. ఆయనా బుద్ధిగా మూల నిలబడ్డాడు. కానీ కళ్ళముందు ఒక కత్తెర అలా బట్టను నములుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల అయ్యే పనేనా? నోరు మెదపకుండానే వచ్చి, ఆవిడ చేతిలోంచి కత్తెర తీసుకుని, బట్టముక్క విడిపించి, దిమ్మ దగ్గరికి వెళ్ళాడు. తెరిచాడు, మూశాడు, విన్నాడు. టక్. మళ్ళీ విన్నాడు. టక్, టక్. రెండో రెక్క తిప్పి ఒకటి, మెల్లగా ఇంకొకటి. తెచ్చి ఇచ్చాడు.

ఆవిడ బట్ట మీద పెట్టింది. నొక్కినట్టే అనిపించలేదు, కొసదాకా తెగిపోయింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, మర విప్పి, ముక్కలను మళ్ళీ తూచింది. ఇందాకటి తూకానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. తూకం మిషను పక్కకు జరిపింది.

"ఈ ఫారంలో దెబ్బలకు గడి లేదు" అని, బాబాయి వైపు తిరిగింది. "మీరు ఇక్కడివారేనా?"

"ఈ షెడ్డులోనే పుట్టాడు మేడమ్!" ఓనరు అడ్డం పడ్డాడు. "అదిగో, ఆ మూల!"

"ఊరుకో అబ్బాయ్" అన్నాడు బాబాయి.  "లేదమ్మా. నేను సరిహద్దు అవతల పుట్టాను. ఎనిమిదేళ్ళప్పుడు వచ్చాను."

"చంపావు బాబాయ్!" ఓనరు గోడకు చేరగిలబడ్డాడు. "రెక్కలు బయటివి, మర బయటిది, చివరికి నువ్వు కూడానా!"

ఆఫీసరమ్మ నవ్వలేదు. "మరి ఈ పనెక్కడ నేర్చుకున్నారు?"

"ఇక్కడేనమ్మా, ఈ దిమ్మ దగ్గరే. వీళ్ళ నాన్నగారు నేర్పారు. మొదటి ఏడాది సుత్తి ముట్టుకోనివ్వలేదు. తెరువు, ముయ్యి, విను, అంతే. తప్పు దెబ్బ కొడితే తిట్టేవారు కాదు, ఆ కత్తెర నా చేతికే ఇచ్చి రోజంతా బట్ట కత్తిరించమనేవారు. సాయంత్రానికి వేళ్ళు వాచిపోయేవి."

ఓనరు గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "నాన్న నాకూ నేర్పుతానన్నాడు" అన్నాడు నెమ్మదిగా. "నేనే చెవుల్లో దూది పెట్టుకుని పారిపోయేవాణ్ణి."

ఆఫీసరమ్మ ఫారం చివరి పేజీ తిప్పింది. ఓనరు ఆ పేజీ ఎన్నడూ చూసినవాడు కాదు. ఆవిడ పైకే చదివింది: "బయటి నుంచి వచ్చిన వస్తువు చేయలేని పనిని, ఇక్కడి నుంచి వెళ్ళే వస్తువు చేస్తున్నదా?" బట్ట నలిగిన కొసనూ తెగిన కొసనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, 'అవును' అని రాసి గీత గీసింది.

"ఇక్కడ, తయారు చేసినవారి సంతకం" అంది.

ఓనరు అప్పటికే కలం మూత తీశాడు. ఆవిడ కాగితాన్ని బాబాయి ముందుకు జరిపింది.

"నేనా? నేను ఓనర్ని కాదమ్మా."

"ఓనరు సంతకానికి చోటు కింద ఉంది. ఇది తయారు చేసినవారిది."

"కానీ నేను పుట్టింది..."

"ఆ సంగతి ఈ కాగితం అడగలేదండీ. నేనే ఊరికే అడిగాను."

"ఊరికేనా?" అన్నారు ఓనరూ బాబాయీ ఒకేసారి.

బాబాయి సంతకం పెట్టాడు.  ఇన్నేళ్ళూ తను చేసినదాన్ని పని అన్నారు, కూలి అన్నారు, చప్పుడు అన్నారు. తయారీ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"ఒక్క మాట" అంది ఆఫీసరమ్మ గుమ్మం దగ్గర ఆగి. "ఆ దిమ్మ మీద ఆ పని జరిగినన్నాళ్ళే ఈ ముద్ర. ఆగిన రోజు చెల్లదు."

ఆవిడ వెళ్ళగానే ఓనరు పరుగున పోయి మంచినీళ్ళు తెచ్చాడు, ఫ్యాను బాబాయి వైపు తిప్పాడు. "బాబాయ్, ఆ పన్ను ఇంకా నొప్పేనా? రేపే డాక్టరు దగ్గరికెళదాం. రోడ్డు దాటేటప్పుడు చూసుకుని దాటు. ఇంకో ముప్ఫై ఏళ్ళు నువ్వు..."

"ముప్ఫై ఏళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తావురా, అవి కూడా పెట్టెల్లో తెప్పిస్తావా?" అన్నాడు బాబాయి. "ఇటు రా. కూర్చో."

"నేనా? ఎందుకు?"

"మీ నాన్న సొత్తు నలభై ఏళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. వచ్చి తీసుకో."

 ఓనరు చేతి గడియారం తీసి జేబులో వేసుకుని దిమ్మ ముందు కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం పదకొండు కత్తెరలు పాడయ్యాయి. పదకొండింటితోనూ సాయంత్రం దాకా అతను బట్ట కత్తిరిస్తూనే ఉన్నాడు.