ఇరవై ఒక్క రోజుల నీళ్లు

మా పక్క ప్లాటులో నిన్న స్లాబు వేశారు. పొద్దున్నే దానిమీద నీళ్లు పడుతుంటే పచ్చి సిమెంటు వాసన మా వంటింటి దాకా వచ్చింది. పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు యాదయ్య మేస్త్రి గుర్తొస్తాడు. గుర్తొస్తే సిగ్గేస్తుంది.

పుప్పాలగూడలో మేము ఇల్లు మొదలుపెట్టాలనుకున్నప్పుడు ఆఫీసులో తలా ఒక కాంట్రాక్టరు పేరు చెప్పారు. ప్రతివాడూ ల్యాప్‌టాప్ తెరిచి, రంగురంగుల బొమ్మల్లో మా ఇంటిని ముందే కట్టి చూపించాడు. యాదయ్య దగ్గర బొమ్మలు లేవు. అరవై దగ్గరపడిన మనిషి, నలిగిన చొక్కా. తన బండి వెనకాలే నన్ను స్కూటీ మీద రమ్మని, పన్నెండేళ్ల కిందట తను కట్టిన ఇంటికి తీసుకెళ్లాడు. "కొత్తిల్లు అందరిది మంచిగనే ఉంటదమ్మా. వానలు వడ్డ ఇల్లు జూడాలె. ఇంకోటి, ఆ ఇంటోళ్లు మేస్త్రిని జూసి చాయ్ తాగమంటరా, తలుపేసుకుంటరా, అది గూడ జూడాలె," అన్నాడు. ఆ ఇంటావిడ మమ్మల్ని చూడగానే లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. పని ఆయనకే ఇచ్చాను. మనుషుల్ని అంచనా కట్టడం నాకు బాగా వచ్చని ఆ రోజు లోలోపల మురిసిపోయాను కూడా.

స్లాబుకు మా అత్తగారు ముహూర్తం పెట్టించారు. ఆ పొద్దున ఇసుక లారీ వచ్చింది. యాదయ్య గుప్పెడు ఇసుక తీసి అరచేతుల మధ్య రుద్ది, ఆ చేతులు నాకు చూపించాడు. మట్టి మరక. "ఇది వద్దమ్మా. ఇయ్యాల స్లాబు ఎయ్య," అన్నాడు.

"ముహూర్తం దాటిపోతుందండీ," అన్నాను.

"ముహూర్తం ఇంకోటి వెట్టిస్తరు. స్లాబు ఇంకోటి ఎయ్యలేం గద."

లారీ వెనక్కి పోయింది. ఎనిమిది రోజులు పని ఆగింది. శ్రావణంలో అనుకున్న గృహప్రవేశం తప్పిపోయేలా ఉందని ఇంట్లో అందరూ నామీద ముఖం మాడ్చుకున్నారు. అప్పుడే ఆఫీసులో ఒకతను, యాదయ్యను ఖాజాగూడలో వేరే సైటు దగ్గర చూశానన్నాడు. చెప్పుడు మాటలు చేటని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే. విన్నానంతే.

మంచి ఇసుక వచ్చి స్లాబు పడిన మర్నాడు ఆయన్ను పిలిచాను. "ఖాజాగూడలో ఇంకో పని ఒప్పుకున్నారటగా అండీ? అందుకే మాది ఆపారా?"

"ఆడ మంచి ఇసుక దిగిందంటే జూడనీకి పోయినమ్మా. మీ పనికే."

నేను నమ్మలేదు. "ఇక మీరు రానవసరం లేదండీ," అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీళ్లు మాత్రం ఆపొద్దు. ఇరవై ఒక్క దినాలు పట్టాలె. ఎండితే పగుల్తది," అని వెళ్లిపోయాడు.

మిగతా పని ఆ రంగుల బొమ్మల కాంట్రాక్టర్లలో ఒకడు చేశాడు. మేము చేరిన మొదటి వానాకాలం మా పైకప్పు నుంచి ఒక్క చుక్క పడలేదు. ఎదురు ప్లాటుకు కాపలా ఉండే ఈశ్వరమ్మతో ఆ మాటే చెప్పి, కొత్త కాంట్రాక్టరు మనుషులు నీళ్లు బాగా పట్టారన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"వాళ్లేడ పట్టిండ్రు మేడమ్? యాదయ్యనే రోజు తెల్లారంగ వచ్చి పట్టేటోడు. వాళ్లు వచ్చే యాల్లకు పోయేటోడు. మేడమ్‌కు చెప్పకు, పరేషాన్ అయితది అన్నడు."

ఆ ఆదివారమే పుప్పాలగూడ పాత ఊళ్లో యాదయ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను. "నువ్వేనా బిడ్డా. మీ స్లాబు ముచ్చట శాన చెప్పేటోడు," అంది. ఆయనకు గుండెనొప్పి వచ్చి, దవాఖానకు పోయే దారిలోనే ప్రాణం పోయిందట. అప్పటికి రెండు నెలలైందట. నేను పనిలోంచి తీసేసిన సంగతి ఆమెకు తెలియదు. ఆయన ఇంట్లో చెప్పుకోలేదు. నాకూ నోరు రాలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమే నన్ను ఓదార్చింది.

ఇప్పుడు ఆఫీసులో ఇల్లు కట్టుకునేవాళ్లు, నమ్మకమైన కాంట్రాక్టరు ఎలా దొరుకుతాడని నన్ను అడుగుతుంటారు. నాకు దొరికాడు, నేనే నమ్మలేకపోయాను అని వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. యాదయ్య భార్యను చూడడానికి అప్పుడప్పుడూ వెళ్తూనే ఉంటాను. ఆ మాట ఆమెకు మాత్రం ఇంకా చెప్పలేదు.