వికారాబాదు దాకా ఖాళీ డబ్బాల

“యాడనుంచో ఎలుతురొస్తుంది, చూడే” అన్నడు మా ఆయన. “తెల్లారుతుంది, గంతే. పండుకో” అన్న. ఆయన పోయిన రాత్రి మా ఇద్దరి నడుమ ఆఖరి మాటలు గవే. మొన్న తాండూరు టేషన్ల గూడ్సుబండి మీద పెద్ద పెద్ద ఇనుప పెట్టెలు పోతుంటే, అవన్నీ ఖాళీవి నానమ్మా అని మనుమరాలు చెప్పంగనే ఆయనన్న ఆ మాట మళ్ల చెవులవడ్డది. అందుకే దాన్ని కూసోబెట్టి గిది రాయిస్తున్న.

పోలీసు యాక్షన్ అయిన కొన్నేండ్లకు, పెండ్లయిన కొత్తల, మా ఇద్దరి పని అదే టేషన్ల ఖాళీ రైలు డబ్బాలతోనే. కందులు నింపే ముందు నేను లోపల ఊడ్చి నిలవడితే ఆయన బయటికెళ్లి తలుపేస్తుండె. చీకట్ల ఏడ ఎలుతురు సొరవడితే ఆడ వాన గూడ సొరవడతదని లెక్క, ఆ బొక్కల్ల తారు పూసిన గోనెపీలికలు కుక్కుతుంటి.

ఒకనాడు పొద్దుగాల, సున్నం మోసుకొచ్చిన డబ్బాల నన్ను పెట్టి తలుపేసి ఆయన పక్కదాని కాడికి పోయిండో లేదో, ఇంజను తగిలి బోర్ల పడ్డ. వికారాబాదుల ఖాళీలు కావాలన్నరంట, మా వరుసనంత గుంజుకపోయిండ్రు. ఎంత ఒర్లినా చక్రాల సప్పుడే. ఖాళీ డబ్బా ఒకసారి కదిలితే బీదరుకు పోతదో బొంబాయికి పోతదో, తలుపు ఎన్నడు తీస్తరో చెప్పేటోడు లేడు. గీ చీకట్లనే సస్తననుకొని ఏడ్సుకుంట కూసున్న.

అప్పటికే బొక్కలన్ని మూసిన, శనిగగింజంతది ఒక్కటే మిగిలింది. కండ్లు తుడుసుకొని చూద్దును గద, ఆ బొక్కకు ఎదురుంగ, సున్నమంటి తెల్లగైన డబ్బా గోడ మీద చెట్లు తలకిందులుగ ఉరుకుతున్నయి! ఆకాశమేమో కిందికి, ఎర్రమట్టి చెలకేమో మీదికి, గొర్ల మంద కాళ్లు మీదికి పెట్టి నడుస్తుంది, ఎనుక గొంగడి కప్పుకున్న గొల్లాయన. రంగులు గూడ ఉన్నయి. నా ఏడుపు ఏడ పోయిందో. దేవుడు లోకాన్ని మొదాలు గిట్లనే చూసుకున్నడేమో అనిపించింది.

వికారాబాదుల తలుపు తీసింది మా ఆయనే. ఉరికొచ్చి ఎనుక గార్డు డబ్బా పట్టుకొని ఏలాడుకుంట వచ్చిండంట, మొఖమంత మసి, కన్నీళ్లు. గార్డు మాత్రం “ఖాళీ బండని రాసుకున్న గదరా, గీ పెండ్లాం ఏడికెళ్లి ఎక్కింది?” అని నవ్వుతుండె. నేను దిగలే. ఆయన్నే చెయ్యి పట్టి లోపలికి గుంజి, జర తలుపెయ్యి అని గార్డును బతిమాలిన. టేషన్ల జనం మూటలెత్తుకొని గోడ మీద తలకిందులుగ పోతుంటే, నేను రాకముందు అన్నేండ్లు లోపల నిలవడి బొక్కలే చూసిండు గని గోడ దిక్కు ఎన్నడు తిరగని మనిషి, నా చెయ్యి ఇడువకుండ అట్లనే నిలవడ్డడు. ఆఖరికి ఆ బొక్క ఆయనే మూసిండు. కందులు తడవొద్దు గద.

గిప్పటి పెట్టెలకు సూదిమొనంత సందు లేదంట. మంచిదే. మారిందంటే ఒక్కటే, ఏదన్న వింత కనవడితే చెయ్యి పట్టి గుంజి చూపిద్దామంటే మనిషి లేడు. నాకు అక్షరాలు సక్కగ రావు బిడ్డా. ఆయన తలుపు తీసిన కాడికెళ్లి జర సదువు, నేను ఇంట.