తాళంకప్ప గారి పక్షులు

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పడమనే విద్య తాళంకప్పకి పుట్టుకతోనే రాలేదు. ఆ పేరు ఆస్పత్రివాళ్ళు పెట్టింది. ఇంట్లోవాళ్ళకి అంతకంటే మంచిపేరు తట్టక దాన్నే ఖాయం చేసుకున్నారు.

ఆస్పత్రి ముందుహాల్లో బల్ల వెనక కూర్చుని, వచ్చినవాళ్ళని ఏ డాక్టరు దగ్గరికి పంపాలో చూడటం ఆవిడ పని. రోగాల మాట అటుంచండి, బయట వాన పడుతోందా అని అడిగినా "తలుపు తీసి చూసుకోండి" అంటుంది. ఇంట్లో ఫోన్ మోగితే, ఎవరమ్మా అని కొడుకు అడుగుతాడు. "మనిషే" అంటుంది. ఆవిడ కడుపుతో ఉన్న రోజుల్లో, పొట్ట చూసి పక్కింటివాళ్ళు అభినందిస్తేగాని తను తండ్రి కాబోతున్న సంగతి పాపం వాళ్ళాయనకి తెలియలేదట. అదేమని నిలదీస్తే "మీరు అడగలేదుగా" అందట.

కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు కోడలు ఈ కథలన్నీ భర్త నోట విని పొట్ట పట్టుకుని నవ్వింది. కోడలు బళ్ళో టీచరు. అత్తగారి కథల్లో ఆవిడకి అన్నిటికంటే నచ్చింది పక్షుల కథ.

హాలు నిండా జనం ఉండగా పేరు పెట్టి పిలిస్తే ఎవరు వచ్చారో ఊరంతా తెలిసిపోతుందని తాళంకప్ప బెంగ. అందుకని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఒక్కో పక్షి పేరు పెట్టేది. "కోకిల గారూ, మీ వంతండీ" అనగానే బుర్ర మీసాల లారీ డ్రైవరు తల వంచుకుని లేచేవాడు. ఇద్దరు పెద్దమనుషులు నేను చిలకంటే నేను చిలకని చొక్కాలు పట్టుకున్న రోజు కూడా ఉంది. నంబర్లు ఇస్తే పోతుంది కదమ్మా అని డాక్టరు గారు బతిమాలారు.

"నంబరుకి మర్యాద ఎలా ఇస్తామండీ? పక్షికైతే గారు తగిలించొచ్చు" అంది తాళంకప్ప.

పక్కింటి పిన్ని ఆస్పత్రికి వెళ్ళిన రోజు ఆవిడకి కాకి పేరు వచ్చింది.

"నేను కాకినా అక్కయ్యా?"

"గుడ్లగూబ ఖాళీగా ఉందమ్మా. ఇవ్వమంటారా?"

ఈ అవమానం గురించి పిన్నే వీధంతా చెప్పుకుని తిట్టిపోసింది. ఆస్పత్రికి ఎందుకు వెళ్ళిందో మాత్రం చెప్పలేదు.

అలా నవ్వుకుంటూ ఉండగా ఒక ఏడాది కోడలికి నవ్వు కరువైంది. పాఠం మధ్యలో ఉన్నట్టుండి చేతులు చల్లబడేవి. గుండె దడదడలాడేది, పిల్లల మొహాలు అలికేసినట్టు అయిపోయేవి. ఏదో వంక చెప్పి బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడేది. మనసు డాక్టరుకి చూపించుకోమని స్నేహితురాలు చెప్పింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మనసు డాక్టరు అత్తగారి ఆస్పత్రిలోనే ఉన్నాడు. బళ్ళో తెలిస్తే పిచ్చి టీచరంటారు. ఇంట్లో తెలిస్తే భర్త చూపు ఎలా మారుతుందోనని అంతకంటే భయం.

అత్తగారికి సెలవున్న రోజు చూసుకుని, మొహానికి చున్నీ చుట్టుకుని వెళ్ళింది. తీరా చూస్తే బల్ల వెనక అత్తగారే ఉంది. ఎవరికో ఒంట్లో బాగాలేక సెలవు మార్చుకుంది. ఆ సంగతి ఇంట్లో చెప్పి ఉంటే ఆవిడ తాళంకప్ప ఎందుకవుతుంది?

కోడలు వెనక్కి తిరగబోయింది. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎన్నడూ చూడని మనిషిని పలకరించినట్టు పలకరించింది.

"రండమ్మా. మీరు నెమలి. ఆ చివరి కుర్చీలో కూర్చోండి, అక్కడైతే వచ్చేపోయేవాళ్ళకి కనబడరు."

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆవిడ కోడల్ని 'మీరు' అనడం అదే మొదలు.

సాయంత్రం ఇంట్లో కొడుకు మామూలుగా అడిగాడు. "ఏంటమ్మా ఆస్పత్రి విశేషాలు?"

"గోడలకి రంగు వేస్తున్నారు" అంది అత్తగారు.

ఆ తర్వాత కూడా అంతే. వెళ్ళిన ప్రతిసారీ హాల్లో నెమలి గారు, ఇంటికొస్తే "ఏమే, టీ తాగావా?" చూపులో కూడా తేడా లేదు.

అంతా సవ్యంగా సాగుతోందనుకునేలోగా పక్కింటి పిన్ని ఊడిపడింది. కొడుకు ఇంట్లో ఉన్న వేళ చూసుకుని మరీ వచ్చింది.

"మీ కోడల్ని మొన్న ఆస్పత్రిలో చూశాను అక్కయ్యా. ఏమిటి సంగతి? ఏమైనా విశేషమా?"

కొడుకు పేపరు దించాడు. కోడలి మొహంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"మొన్న ఒకావిడ నా బల్ల దగ్గరికొచ్చి నిన్ను అక్కడ చూశానంది" అంది తాళంకప్ప తాపీగా. "ఏమిటి సంగతని నీలాగే అడిగింది. నేను చెప్పలేదు. నీ గురించి పెదవి విప్పని దాన్ని, ఇంకొకరి గురించి విప్పుతానా చెప్పు?"

పిన్నికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

కొడుకేదో అడగబోయి, తల్లి మొహం చూసి విరమించుకుని, ఆలోచిస్తూ వీధరుగు మీదికి పోయాడు. కోడలు అత్తగారి పక్కన కూలబడింది.

"మీకు అంతా తెలుసు కదా అత్తయ్యా?"

"నాకు తెలిసింది అక్కడే బల్ల మీద వదిలేసి వస్తానే. ఇంటికి మోసుకురాను. నువ్వు చెబితే ఇప్పుడు తెలుస్తుంది."

కోడలు చెప్పింది. ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. అత్తగారు మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఒంటరిగా మోస్తున్న బరువు దిగుతుంటే ఎంత హాయిగా ఉంటుందో కోడలికి అప్పుడే తెలిసింది.

"ఆయనకి చెప్పాలని ఉంది, నోరు రావట్లేదు. మీరు చెప్పండి అత్తయ్యా."

తాళంకప్ప ఉలిక్కిపడింది. "నేనా? సరే, ఎంతవరకు చెప్పమంటావు? డాక్టరు దగ్గరికి వెళ్తున్నావని, తోడు కావాలని చెబుతాను. మిగతాది నీది. నీకు ఇష్టమైనప్పుడు నువ్వే చెప్పుకో."

వీధరుగు మీదికి వెళ్ళి కొడుకు పక్కన కూర్చుని గొంతు సవరించుకుంది. అలవాటు లేని పని కదా.

"ఒరేయ్, ఒకావిడ ఉంది."

"ఎవరు?"

"పేరు చెప్పకూడదు. ఆవిడ ఒక డాక్టరు దగ్గరికి వెళ్తోంది. ఏ డాక్టరో అడక్కు. ఆవిడకి మొగుడి తోడు కావాలట."

"అయితే ఆ మొగుడికి చెప్పాలిగానీ, నాకెందుకమ్మా?"

"అదేరా నా అవస్థ" అంది తాళంకప్ప చెమట తుడుచుకుంటూ.

తలుపు వెనక కోడలికి నవ్వాగలేదు. ఎన్నాళ్ళకో వచ్చిన నవ్వు అది. బయటికొచ్చి మిగతాది తనే చెప్పింది. భర్త చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. "ఈసారి నేనూ వస్తాను" అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, నీకు ఇది ఎప్పటి నుంచి తెలుసు?"

అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక తాళంకప్ప నోరు తెరిచి మూసింది.

"ఇందాక నేను చెబితేనే తెలిసింది" అంది కోడలు. "అంతకుముందు ఆవిడకేం తెలీదు."

తాళంకప్ప కోడల్ని ఎగాదిగా చూసింది. ఆవిడ కళ్ళల్లో అంత మురిపెం కొడుకు కూడా ఎన్నడూ చూసి ఉండడు.

"ఇంత మంచి నోరు పెట్టుకుని ఆ బళ్ళో ఏం చేస్తున్నావే?" అంది. "మా ఆస్పత్రికి వచ్చెయ్."