ఆ వీధి అంచున అత్త కొన్న మిద్దె

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో అద్దెలు మండిపోతుంటే, ఆసుపత్రిలో కాన్పులు చేసే మా మేనత్త ఒక మిద్దె కొనుక్కుంది. దాని వెనక వీధి పేరు చెబితేనే జనం జంకేవారు. దొంగసారా, కత్తిపోట్లు అక్కడ మామూలు.

"ఒంటరి ఆడదానివి, ఆ కొంపల పక్కన ఎట్లుంటావమ్మా?" అని నాన్న కోప్పడ్డాడు.

"ఆడ కూడా కాన్పులు అయితాండాయి కదన్నా," అంది అత్త.

మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. ఆ పట్టు మెత్తగానే ఉండేది, కానీ విడిపించుకోబుద్ధి అయ్యేది కాదు.

నేను ఆమె దగ్గర ఉండి చదువుకుంటున్నప్పుడు, ఒక సాయంత్రం ఎవరో నెత్తురోడుతూ మా ఇంట్లోకి దూరాడు. అతని వెనకే ఆ వీధివాడొకడు కత్తితో వచ్చాడు. అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడి, కత్తి ఉన్న చేతి మణికట్టే పట్టుకుంది.

"నీ పెండ్లానికి నెలలు నిండినాయి. కాన్పు నాటికి నువ్వు యాడుంటావప్పా? ఇంట్లోనా, జైల్లోనా?"

వాడు కత్తి దించి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అత్త తలుపు గడియ పెట్టి, లోపలున్నవాడికి కట్టు కట్టింది.

కొన్నాళ్లకు ఆ వీధివాడి ఇంట్లో కాన్పు చేసి, తెల్లవారాక అలసిపోయి వచ్చింది.

"తల్లీబిడ్డా బాగున్నారా అత్తా?" అని అడిగాను.

"బాగుండారు. ఆడబిడ్డ. ఎత్తుకోమంటే వాడు శానా భయపడతాండాడు," అంది.