చెక్కబాబాయి విన్న బ్రేకులు

మా ఏటి మీద వంతెన లేని రోజుల్లో కార్లూ లారీలూ పంటు ఎక్కి దాటేవి. పంటు అంటే పడవే, కాకపోతే పడవ ఆకారం ఉండదు. ఇనపరేకుల చదునైన నేల, రెండు చివర్లా గొలుసులతో ఎత్తి దించే తలుపులు. తలుపు ఒడ్డు మీదికి దించితే బండ్లు దాని మీదుగా ఎక్కుతాయి. ఎత్తితే అదే గోడ. నా ఉద్యోగం అవతలి గట్టున కావడంతో నా పొద్దుటి వేళలన్నీ ఆ పంటు బల్ల మీద, ఒళ్ళో పుస్తకంతో గడిచాయి. ఆ పుస్తకాల్లో చాలావాటిని మరిచిపోయాను. బండి చక్రాలకు చెక్కలు పెట్టే మనిషిని మాత్రం మరవలేదు.

ఆయన్ని అందరూ చెక్కబాబాయి అనేవారు. తనకన్నా పెద్దవాళ్ళకు కూడా బాబాయే. ఏటవాలుగా కోసి, తాడు కట్టిన కొయ్యముక్కలు భుజాన వేలాడుతూ ఉండేవి. బండి ఎక్కి ఆగగానే వెనక చక్రం పక్కన ఒక మోకాలు నేలకానించి, తల ఓ వైపుకు వంచి ఆగేవాడు. లోపల డ్రైవరు హ్యాండ్‌బ్రేకు లాగుతాడు. దాని పళ్ళు ఒక్కొక్కటీ దాటుతున్న కర్ర్‌మనే చప్పుడు. బాబాయికి అన్నీ ఆ చప్పుడులోనే తెలిసిపోయేవి.

"ఇంకో రెండు పళ్ళు లాగు తమ్ముడూ. బ్రేకు వేస్తున్నావా, తల దువ్వుతున్నావా?"

"ఇంకా లాగితే తీగ తెగుతుంది బాబాయ్."

"తెగితే కొత్తది దొరుకుతుంది. బండి ఏట్లోకి పోతే నిన్నెక్కడ వెతకను? నాకు ఈత కూడా రాదాయె!"

డ్రైవరు నవ్వుకుంటూ ఇంకో రెండు పళ్ళు లాగేవాడు. అప్పుడు బాబాయి చక్రానికి ఒక చెక్క పెట్టేవాడు. చప్పుడు నచ్చితే ఒకటి, అనుమానం ఉంటే ముందొకటి, వెనకొకటి. అవతలి ఒడ్డు తగిలాక ఆ వరసే తిరగేసి నడిచేది. డ్రైవరు కాలి బ్రేకు తొక్కి హ్యాండ్‌బ్రేకు దించాలి, అది టక్‌మనాలి, అప్పుడే చెక్క తాడు లాగడం. అంతకుముందు ఎవరు ఎంత హారను కొట్టినా లేచేవాడు కాదు.

రేవుకు ఆనుకునే ఆయన రెండు గదుల ఇల్లు. నేల ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల మంచం కోడు కింద చెక్క, బీరువా కింద చెక్క, గాలికి కొట్టుకోకుండా తలుపుకొక చెక్క. "పెళ్ళైన కొత్తలో నాకూ ఒకటి పెడతాడేమో అనుకున్నా, పుట్టింటికి జారిపోకుండా" అనేది ఆయన భార్య, మా అందరికీ పిన్ని. పిన్ని తమ్ముడే ఆ పంటు నడిపే సరంగు. పై గదిలో చక్రం పట్టుకుని ఇవతలి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు దాకా ఆపకుండా మాట్లాడే మనిషి. వినేవాళ్ళు లేకపోయినా ఇంజనుకు చెబుతూ ఉండేవాడు.

ఆ ఇంజను బాబాయి మోకాలు ఆనించే చోటికి సరిగ్గా కింద ఉండేది. బతుకంతా దాని హోరు తాగిన చెవులు మెల్లగా మూసుకుపోవడం మొదలుపెట్టాయి. అందరూ అరిచే మాట్లాడే చోట చెవుడు సులువుగా దాక్కుంటుంది. ఆ సంగతి ముందు కనిపెట్టింది పిన్ని. పొయ్యి మీద పాలు పొంగి గిన్నె మూత కింద పడి దొర్లినా, అక్కడే కూర్చున్న మనిషి తలెత్తలేదట. ఆ రోజు ఆయన ఆమె దగ్గర మాట తీసుకున్నాడు.

"పంటు ఆఫీసుకి తెలిస్తే నన్ను ఒడ్డు మీద షెడ్డులో కూర్చోబెడతారు. నేల మీద ఏం చెయ్యనే నేను? ఎవరికీ చెప్పకు. మీ తమ్ముడికి అసలే చెప్పకు, వాడికి చెబితే రెండు ఒడ్లకీ చెప్పినట్టే."

చాలా కాలం తర్వాత పిన్నే నాకీ మాట చెప్పింది. దిగిపోమంటారేమోనన్న ఆ ఒక్క భయంతోనే ఆయన అన్నాళ్ళూ పంటు మీద నిలబడ్డాడు.

హ్యాండ్‌బ్రేకు చప్పుడు మొండిది. సగం చెవితో కూడా వినిపించేది. ఇంతలో బటన్ బ్రేకుల కార్లు వచ్చాయి. లాగడానికి కడ్డీ ఉండదు. సీట్ల మధ్య వేలెడంత మీట, దాన్ని పైకి లాగితే వెనక చక్రాల్లో ఉన్న చిన్న మోటార్లు బ్రేకును బిగిస్తాయి. తియ్యాలంటే కాలి బ్రేకు తొక్కి అదే మీట కిందికి నొక్కాలి. చప్పుడంటారా, దోమ పక్కనుంచి పోయినట్టు జుయ్‌మని ఒక్క క్షణం, అంతే.

బాబాయి చక్రం పక్కన తల వంచి ఆగేవాడు. ఏమీ వినిపించేది కాదు. డ్రైవరు అప్పటికే దిగి ఏటిని చూస్తూ నిలబడి ఉండేవాడు.

"బటన్ బండికి రెండు చెక్కలు. కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాద చెయ్యాలి" అంటూ నవ్వేసి ముందొకటి, వెనకొకటి పెట్టేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. అలా కొంతకాలం గడిచింది. అయితే బటన్ బండ్లు పెరిగాయి, చెక్కలు పెరగలేదు.

ఒక రద్దీ రోజున బట్టల కొట్టు యజమాని కొత్త తెల్లకారు వరసలో చివరగా ఎక్కింది. బాబాయి భుజాన ఒక్క చెక్కే మిగిలింది. అద్దం తట్టి "వేశారా?" అని అడిగాడు. మూసిన అద్దాల వెనక యజమాని ఫోనులో మాట్లాడుతూనే తలాడించాడు. ఇంకోసారి అడగాల్సింది. కానీ రెండోసారి అడగడమంటే వినిపించలేదని ఒప్పుకోవడం. బాబాయి వెనక చక్రానికి వెనక వైపు ఆ ఒక్క చెక్క పెట్టి లేచాడు.

అవతలి ఒడ్డుకు పంటు కాస్త గట్టిగా తగిలింది. తెల్లకారు ముందుకు కదిలింది. పెద్దగా వేగం లేదు, ముసలాయన అడుగు వేసినట్టు నింపాదిగా వెళ్ళి, తనకూ ముందు బండికీ మధ్య కమ్మీకి ఆనించిన పాలవాడి సైకిలును నొక్కేసింది. పాలవాడు బీడీ పారేయడానికి అప్పుడే పక్కకు జరిగాడు. లేకపోతే సైకిలుకూ కారుకూ మధ్య అతనే ఉండేవాడు. క్యాన్లు చదునై, పాలు రేకుల మీద పరుచుకుని చివర్ల నుంచి ఏట్లోకి కారాయి.

"చేపలకి పాలు పోయడానికా నేను తెల్లారకుండా లేచింది!" అని పాలవాడు నెత్తి కొట్టుకున్నాడు.

యజమాని పరుగున దిగాడు. పెద్దమనిషి, తప్పు ఇంకొకరి మీదకు తొయ్యలేదు. "నాదే బాబాయ్ తప్పు! మీట లాగాననుకున్నా, పడలేదు. పడితే ఎదురుగా ఎర్రలైటు వెలుగుతుంది కదా, అది వెలగనే లేదు. చూసుకోవద్దూ నేను?" అన్నాడు. బాబాయి తల వంచుకుని కారుతున్న పాలను చూస్తూ, ఆ మాటలకు తలాడించాడు. ఆ మాటలు నాకూ వినిపించాయి, పాలవాడికీ వినిపించాయి.

అందరూ ఆ బటన్‌నే తిట్టిపోశారు. బాబాయిని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అది ఆయనకు ఇంకా బరువైంది. జనం దిగిపోయాక ఆయన యజమానికి చేత్తో సైగ చేశాడు, మళ్ళీ వెయ్యి, మళ్ళీ తియ్యి అని. చక్రం పక్కన కూర్చుని, తల వంచలేదు ఈసారి. అరచెయ్యి వెనక చక్రం రేకుకు ఆనించాడు. యజమాని మీట లాగాడు. బాబాయి ముఖం మారింది. లోపలి మోటారు వణుకు అరచేతికి అందింది. మళ్ళీ అన్నట్టు వేలు తిప్పాడు. పాపం ఆ యజమాని, తప్పు తనదేనన్న సిగ్గుతో, విసుక్కోకుండా ఎన్నిసార్లు వేసి తీశాడో!

మర్నాటి నుంచి బాబాయి చక్రాలను ముట్టుకునేవాడు. సరంగుకు చెప్పుకోవడానికి కొత్త కబురు దొరికింది. "మా బావ ఇప్పుడు వైద్యం మొదలెట్టాడు. బండ్లకి నాడి చూస్తున్నాడు!"

"ఏం బాబాయ్, జ్వరం ఉందా నా బండికి?" అనేవారు డ్రైవర్లు. రోజూ అదే ప్రశ్న కనుక పెదవులు కదలగానే జవాబు సిద్ధం. "జ్వరం లేదు, ఒళ్ళు బద్ధకం. పొద్దునొక చెక్క, సాయంత్రం ఒక చెక్క."

అరచెయ్యి ఆయన్ని వానాకాలం దాకా మోసింది.

ఆ ఏడు ఏరు నిండుగా వచ్చింది. పంటు ఒడ్డున ఆగి ఉన్నా, నీటి తోపుకు కొట్టుకుపోకుండా ఇంజను పూర్తి జోరు మీద నడపాల్సి వచ్చేది. రేకులు, కమ్మీలు, నేను కూర్చున్న బల్ల, ఒళ్ళో పుస్తకం, అన్నీ వణికేవి. ఒక కారు ఎక్కింది. నడిపే ఆమె దిగి గొడుగు విప్పుకుంది. వెనక సీట్లో ఆమె కూతురు కాబోలు, చిన్నపిల్ల, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బాబాయి చక్రానికి చెయ్యి ఆనించాడు. వణుకు తెలిసింది. తృప్తిగా తలాడించి, ఒక చెక్క పెట్టి, లేవడానికి కారు వెనక భాగాన్ని భుజంతో ఆనుకున్నాడు.

కారు కదిలింది. జానెడు.

ఎవరూ చూడలేదు. నేను చూశాను, కానీ ఏం జరిగిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. వానలో నిలబడి ఆయన తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత ఉన్న చెక్కలన్నీ ఆ ఒక్క కారుకే, ముందూ వెనకా పెట్టేశాడు. ఏరు దాటినంతసేపూ ఆ చక్రానికి వీపు ఆనించి, తాళ్ళు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఆ తల్లి రెండుసార్లు వచ్చి "తడుస్తున్నారు, లేవండి" అంది. విన్నట్టు లేదు.

ఒడ్డు చేరి, పిల్ల ఉన్న కారు దిగి వెళ్ళాక, ఆయన ఎన్నడూ ఎక్కని మెట్లెక్కి సరంగు గదికి వెళ్ళాడు. నా బల్ల ఆ మెట్ల పక్కనే. పైన ఎలాగూ అందరూ అరిచే మాట్లాడతారు.

"నా చెవులు పోయాయిరా."

"ఎప్పట్నించి?"

"నీ మాటలు నాకు నచ్చడం మొదలైనప్పట్నించి."

సరంగు నవ్వబోయి ఆగిపోయినట్టున్నాడు.

"అక్కకి తెలుసా?"

"దానికే ముందు తెలుసు."

"చేత్తో చూసుకుంటున్నావు కదా బావా! ఈ నాలుగు వానలూ వెళ్ళనీ. ఆఫీసులో నేనేం చెప్పను, ఒట్టు."

బాబాయికి ఆ మాటలు ఎంతవరకు అందాయో తెలియదు. "పిల్ల నిద్రపోతోందిరా లోపల" అన్నాడు. "చేతికి తగిలింది పంటు ఇంజను వణుకు. బ్రేకు పడిందనే అనుకున్నాను."

మెట్లు దిగి వచ్చి, చెక్కల తాళ్ళన్నీ కలిపి ముడేసి, కమ్మీకి తగిలించాడు. అదే ఆఖరు. మర్నాడు తానే ఆఫీసుకు వెళ్ళి చెప్పుకున్నాడు. భయపడ్డట్టే షెడ్డులో కూర్చోబెట్టారు. పంటు వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. బండ్లన్నీ ఎక్కాక లోపలికి వెళ్ళేవాడు. పిన్ని అనేది, "ఇంట్లో ఉన్నా అంతే. పంటు మోత ఆయనకి వినపడదు కదా, మరి వచ్చిందని ఎలా తెలుస్తుందో! నేల అదురుతుందంటాడు."

రిటైరైన ఏడు నేనో కారు కొన్నాను. అవతలి గట్టున చెవుల డాక్టరున్నాడని తెలిసి, ఇద్దరినీ తీసుకెళతానన్నాను. పిన్ని వెనక కూర్చుంది. బాబాయి ముందు సీట్లో, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, కొత్త చోట కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. కార్లను అన్నేళ్ళు ఏరు దాటించిన మనిషి కారు లోపల కూర్చోవడం అదే మొదటిసారి అని నాకప్పుడే తెలిసింది.

పంటు మీదికి ఎక్కించి, కాలి బ్రేకు తొక్కిపట్టి, మీట పైకి లాగాను. ఎదురుగా వేగం చూపించే అంకెల పక్కన ఎర్రదీపం వెలిగింది.

బాబాయి దానివైపు వేలు చూపించాడు. ఏమిటన్నట్టు నన్ను చూశాడు. నేను మీట చూపించి, వెనక చక్రాల వైపు చూపించి, పిడికిలి బిగించి చూపించాను. మీట కిందికి నొక్కాను. దీపం ఆరింది. పైకి లాగాను. వెలిగింది.

అప్పుడే ఆయన తర్వాత వచ్చిన చెక్కల మనిషి కిటికీ దగ్గరకొచ్చాడు. లోపలికి వంగి, ఆ దీపాన్ని ఒక్క చూపు చూసి, చక్రానికి ఒక చెక్క తన్ని, వెనక బండి దగ్గరకు వెళ్ళిపోయాడు. అద్దం తట్టలేదు, తల వంచలేదు, ఏమీ వినలేదు.

బాబాయి మెడ తిప్పి అతను పోయినంత దూరమూ చూశాడు.

"ఇది అన్ని బండ్లకీ ఉంటుందా?"

అవునన్నాను తలతో.

"మొదట్నించీ?"

మళ్ళీ తల ఊపాను.

ఆయన కళ్ళు మాత్రం బాగా పనిచేసేవి. ఏటి మధ్య నుంచే షెడ్డు ముందు ఎవరున్నారో చెప్పగలిగేవాడు. పాలు కారిన రోజున ఆ యజమాని ఎర్రలైటు గురించి ఆయన ముఖం మీదే చెప్పాడు. నాకు ఆ మాటలు గుర్తొచ్చాయి. ఆయన చెవుల్లోకి అవి ఎప్పుడూ వెళ్ళలేదని కూడా అప్పుడే తెలిసింది. ఇక ఆ మాట ఎందుకని ఊరుకున్నాను.

"ఎవర్నీ అడగలేదు నేను" అన్నాడు బాబాయి. "అడిగితే, నీకెందుకు, వినబడటం లేదా అంటారని."

పిన్ని వెనక నుంచి చెయ్యి చాపి ఆయన భుజం మీద వేసింది.

ఏరు దాటినంతసేపూ ఆయన నీళ్ళను చూడలేదు. ఆ దీపాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒడ్డు తగిలింది. గొలుసులు దిగాయి. ముందు బండ్లు కదిలాయి. నేను కాలి బ్రేకు తొక్కి, చెయ్యి మీట మీద పెట్టబోతే బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు. తానే వేలు పెట్టాడు. రెండో అరచెయ్యి తలుపు రేకుకు ఆనించి, మీట కిందికి నొక్కాడు.

దీపం ఆరింది.

"వదిలింది" అన్నాడు. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, చెక్క తాడు పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషికి, లాగమని చేత్తో సైగ చేశాడు.