నా విజిలూ, మేనత్త చుక్కల పెట్టా

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో ఆడపిల్ల సైన్సులో ఎమ్మెస్సీ చేసిందంటే చాలు, మా వైపు ఊళ్ళలో డాక్టరమ్మను చేసేసేవారు. నేను చదివింది మాత్రం బెదురు గురించి. నవ్వకండి, అదీ ఒక శాస్త్రమే. మద్రాసులో రెండేళ్ళపాటు కోళ్ళ చెవుల దగ్గర గంట మోగించి, బెదిరిన కోడి ఒంట్లో మూత్రపిండాల దగ్గరుండే చిన్న గ్రంథి ఎంత ఉబ్బుతుందో కొలిచి, ఫస్టుక్లాసు తెచ్చుకున్నాను. (ఆ కోళ్ళకు ఏం దక్కిందో అడగకండి.) ఆ గర్వం తల నిండా పెట్టుకుని నెల్లూరులో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరాను.

అక్కడి ఆఫీసరుగారి చొక్కా జేబులో ఎప్పుడూ థర్మామీటరు ఉండేది, అందుకని ఆయన్ని చాటుగా థర్మామీటరుగారు అనుకునేవాళ్ళం. ఏటా కొక్కెర తెగులు వచ్చి ఊళ్ళకు ఊళ్ళే కోళ్ళు లేకుండా పోతున్న రోజులవి. కొత్తగా వచ్చిన టీకామందును ఒక ఊళ్ళో వేసి చూసే పని నాకు అప్పగించారు. "పనిచేస్తే కోస్తా ఊళ్ళన్నింటికీ పంపుతాం. లేదంటే మందూ వాపసు, మీరూ వాపసు" అన్నారు. నేను దొరవారిసత్రం దగ్గర మా మేనత్త ఊరు ఎంచుకున్నాను, భోజనానికి ఇబ్బంది ఉండదని.

మిట్టమధ్యాహ్నం కోళ్ళన్నీ బడి ఆవరణలో హాజరు కావాలని టముకు వేయించాను. ఆడవాళ్ళు కాళ్ళు కట్టేసి, తలకిందులుగా వేలాడదీసి, పొలం గట్ల మీద ఎండలో నడిచి తెచ్చారు. కాలేజీలో డ్రిల్లుకు కొన్న విజిల్ ఒకటి నా మెడలో ఉండేది. వరస తప్పినప్పుడల్లా ఊదాను. ఊదినప్పుడల్లా కట్లు తెంచుకున్న కోళ్ళు బడి కప్పెక్కాయి, పిల్లలు వెంటపడ్డారు, ఒక పుంజు హెడ్మాస్టరుగారి తలపాగా మీద వాలింది. ఐసు ఫ్లాస్కులో తెచ్చిన మందును సాయంత్రానికి అన్నింటికీ సూదితో వేసి, యుద్ధం గెలిచినంత సంబరపడ్డాను.

రానిది మేనత్త ఒక్కతే. పిలవడానికి వెళ్తే, "ఏంది పాపా, కోళ్ళకి కవాతు నేర్పిస్తుండావా? నా కోళ్ళు యాడికీ రావు. నువ్వే రా, పొద్దుగూకినాక" అంది. వెళ్ళాను. అప్పటికి అవి గంప కింద చేరి మునగదీసుకున్నాయి. అత్త గంప కాస్త ఎత్తి, ముందుగా చుక్కల పెట్టను ఒళ్ళోకి తీసుకుని, మెడ నిమురుతూ "ఏంలేదులే తల్లీ, మన పాపే" అంది. అది కళ్ళు మూసుకుని సూది వేయించుకుంది. మిగిలినవీ అంతే. పద్ధతి ప్రకారం లేదని నేను లోలోపల విసుక్కున్నాను.

తర్వాత తెగులు వచ్చింది. బడి దగ్గర సూది వేసిన కోళ్ళు చాలావరకు పోయాయి. ఆడవాళ్ళు చచ్చిన కోళ్ళను తెచ్చి నా ముందు పడేసి, "మందేసినావా, మన్నేసినావా?" అని నిలదీశారు. ఏడుపొచ్చింది, తల ఎత్తలేకపోయాను. థర్మామీటరుగారు జీపులో వచ్చి ఫ్లాస్కు మూత తీసి చూశారు. "ఆ రోజు ఎండకు ఐసు కరిగి మందు చెడింది, తప్పు మీదే. రిపోర్టు అలాగే రాస్తాను" అన్నారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

అప్పుడు అత్త చుక్కల పెట్టను చంకన పెట్టుకుని వచ్చింది. "మందు చెడిపోతే ఇది యెట్టా బతికింది సార్? అందరికంటే కడాన, ఆ ఫ్లాస్కులో మందే గదా దీనికీ యేసింది! మందు మంచిదే. ఆ కోళ్ళు ఎండకీ, ఈ పాప ఈలకీ హడలిపోయినాయి. హడలిన ఒంటికి మందు యేం పట్టద్ది?"

రెండేళ్ళు గంట కొట్టి నేను రాసిన థీసిస్సంతా అత్త రెండు ముక్కల్లో చెప్పేసింది. బెదురు మీద ఫస్టుక్లాసు తెచ్చుకున్నదాన్ని, విజిల్ ఊది ఊరి కోళ్ళన్నింటినీ నేనే బెదరగొట్టాను! థర్మామీటరుగారు చుక్కల పెట్టను అటూ ఇటూ తిప్పి చూసి, రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, "పక్క ఊళ్ళో మీ అత్తగారి పద్ధతిలో చేయండి" అన్నారు. ఇల్లిల్లూ తిరిగాను, గంప గంపకూ వంగాను. ఆ ఏడు తెగులు పక్క ఊరికీ వచ్చింది, సూది పడ్డ కోళ్ళు మాత్రం దాదాపు అన్నీ నిలబడ్డాయి. మందు కోస్తా ఊళ్ళన్నింటికీ వెళ్ళింది. మరుసటి ఏడు అత్త ఊళ్ళోనూ గుమ్మం గుమ్మానికీ వెళ్ళాను, ముందు క్షమించమని అడిగి, తర్వాతే సూది తీశాను.

బెదురుకూ అంటురోగానికీ ఉన్న ఆ చుట్టరికం మీదే నా జీవితమంతా పనిచేశాను, కోళ్ళ నుంచి గొర్రెలకూ, చివరికి మనుషులకూ వచ్చాను. గర్వంగానే చెబుతున్నాను, ఎందుకు చెప్పకూడదు?

మొదటి పేపరు అచ్చయినప్పుడు తీసుకెళ్ళి అత్త చేతిలో పెట్టాను. అత్తకు చదువు రాదు. పేజీలు తిప్పి, "మా చుక్కల పెట్ట యాడుంది?" అంది. పట్టికలో వేలు పెట్టి, నాలుగో నంబరు అని చూపించాను. అత్త మొహం చిన్నబోయింది. "నాలుగేంది పాపా? మా గంపలో అన్నిటికంటే ముందు పొడిపించుకునింది అదే గదా!"

పెన్ను తీసి, అచ్చులో ఉన్న నాలుగు కొట్టేసి ఒకటి వేశాను. తృప్తి చాలక పక్కన 'చుక్కల పెట్ట' అని పేరు కూడా రాశాను. అత్త పోయి చాలా ఏళ్ళయింది. నా మిగతా పేపర్లు ఏ బీరువాలో ఉన్నాయో వెతుక్కోవాలి గానీ, ఆ కాపీ మాత్రం నా మంచం పక్కనే ఉంటుంది. అది చూసినప్పుడల్లా మెడలో విజిల్‌తో ఎండలో నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఒకసారి దగ్గరికి తీసుకుని "ఏంలేదులే తల్లీ" అని మెడ నిమరాలనిపిస్తుంది.