మడ అడవి బంగళాలో ఏరియేటర్ల చప్పుడు

మావుళ్ళమ్మ తల్లి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. కానీ నవ్వకండి. నవ్విన వాళ్ళతో నేను మాటలు మానేశాను. మా ఆడపడుచు కూడా అందులో ఉంది. "ఆ రాత్రి పులస చేప పులుసు ఎక్కువై పీడకల వచ్చిందేమో వదినా" అంది. చేప తింటే కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద అంటుకుంటుందా అండీ?

మాది భీమవరం దగ్గర ఊరు. నాలుగు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలు పెంచేవాళ్ళ ఇంట్లో నిద్ర అంటే ఏంటో బయటివాళ్ళకు తెలియదు. చెరువులో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. అంటే నీళ్ళను కొడుతూ గాలి కలిపే చక్రాలు, పనివాళ్ళు ఫ్యాన్లంటారు. రాత్రంతా టపటపటపటప... ఆ చప్పుడు ఉన్నంతసేపూ మేం హాయిగా నిద్రపోతాం. ఆగిందా, చచ్చినట్టు మెలకువ వచ్చేస్తుంది. కరెంటు పోయిందన్నమాట. గబగబా వెళ్ళి జనరేటర్ వేయకపోతే, ఊపిరాడక తెల్లారేసరికి చెరువంతా రొయ్య తేలిపోతుంది. అందుకే మా ఆయనకు ఒక అలవాటు ఉంది. చప్పుడు ఆగితే కళ్ళు తెరవకముందే కాళ్ళు నేల మీద పెడతాడు. జనరేటర్ దాకా వెళ్ళాకే పూర్తిగా మెలకువ వస్తుంది ఆయనకు.

మూడు నెలల కిందట పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేయడం, అయిపోయింది. చెరువులు ఎండగట్టాం. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన చెరువు వదిలి ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. "ఈసారైనా ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అని పోరు పెట్టాను. పెట్టింది నేనే. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను. మిగతా ఏ ఒక్కటీ నా తప్పు కాదు.

కాకినాడకు ఇవతల మడ అడవుల్లో ఒక పాత బంగళా ఉంది. దాని పేరు చెప్పను. తెల్లదొరలు కట్టించారట. ఫోన్లో ఫొటోలు చూస్తే ఎంత బావుందో. ఎత్తు అరుగు, పెంకుల కప్పు, చుట్టూ వరండా, దోమతెర కట్టిన పెద్ద మంచం. అమలాపురం, యానాం మీదుగా కారులో వెళ్ళేసరికి సాయంత్రమైంది. చూడబోతే గోడలకు చెమ్మ. గది తలుపుకు మూరెడు ఇనప గడియ, తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నేను రెండు చేతులతో లాగినా కదల్లేదు. గడియ సంగతి చూడమని అక్కడ కాపలా ఉండే వీర్రాజును పిలిచాను. యాభై దాటిన మనిషి. మాటకు ముందు "ఆయ్" అంటాడు.

"లోపల నుంచి గడియ వేసుకోమంటే ఎలా అయ్యా, ఇది కదలదే" అన్నాను.

"ఆయ్, నూనె వేస్తానండి" అన్నాడు. నూనె వేశాడు. తనే లాగి చూపించాడు. ఆయాసపడ్డాడు. చివరికి మా ఆయన బలమంతా పెట్టి లాగితే కదిలింది. వెళ్తూ వెళ్తూ వీర్రాజు గుమ్మంలో ఆగాడు. "రాత్రి బయటికి రాకండమ్మగారూ. సముద్రం పోటు ఎక్కుతుందండి. నీళ్ళు మెట్ల దాకా వస్తాయండి" అన్నాడు. అంతే చెప్పాడు. పోటు గురించి మాత్రమే చెప్పాడు. ఇది గుర్తుపెట్టుకోండి. చెప్పాల్సింది అదొక్కటేనా అని నేను ఇప్పటికీ అడుగుతున్నాను.

అన్నం తిన్నాక మా ఆయన మళ్ళీ బలమంతా పెట్టి లోపల నుంచి గడియ వేశాడు, పడుకున్నాం. కప్పల అరుపు. ఎక్కడో బావురుపిల్లి కాబోలు, చిన్నగా మూలిగింది. మా ఆయన మంచం మీద వాలిన రెండు నిమిషాలకే గురక పెట్టాడు.

ఎంతసేపైందో తెలియదు... నాకు సగం మెలకువ వచ్చింది. చెవిలో చప్పుడు. టపటపటపటప... ఎంత హాయిగా ఉందో. చెరువు బాగుంది, కరెంటు ఉంది, అనుకుని దుప్పటి పైకి లాక్కున్నాను. మళ్ళీ నిద్రలోకి జారిపోతున్నాను కూడా.

అప్పుడు తట్టింది. దోమతెర ఎక్కడిది? మా ఇంట్లో దోమతెర లేదు.

నేను మా ఇంట్లో లేను. ఇక్కడ చెరువు లేదు. వచ్చేటప్పుడు దారి పొడవునా చూశాను, చుట్టూ మడ చెట్లూ బురదా, బంగళా ముందు ఒక ఉప్పునీటి కాలువా తప్ప ఏమీ లేదు. కానీ చప్పుడు ఉంది. కాలువ వైపు నుంచి వస్తోంది. ఒకటి కాదు, అయిదారు ఏరియేటర్లు. మోటార్ల గుయ్‌మనే మోత కూడా వినిపిస్తోంది. ఇరవై రెండేళ్ళుగా వింటున్న చప్పుడు నాకు తెలియదా అండీ? అలలనీ, గాలి అనీ నాకు చెప్పకండి.

మా ఆయన్ని లేపుదామని చెయ్యి చాపాను. అప్పుడు ఒక ఏరియేటర్ ఆగింది.

ఇంకొకటి ఆగింది...

ఇంకొకటి...

కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆగుతాయి. ఇవి అలా ఆగలేదు. గట్టు మీద నడుచుకుంటూ ఎవరో ఒక్కొక్క స్విచ్చే కట్టేస్తున్నట్టు ఆగాయి. చివరిది కాసేపు ఒంటరిగా తిరిగింది. టప... టప... టప. అదీ ఆగింది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

మా ఆయన లేచి కూర్చున్నాడు. "జనరేటర్" అన్నాడు. మంచం దిగాడు.

"ఏవండీ, మనం ఇంట్లో లేం, పడుకోండి" అన్నాను. వినలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి ఆ గడియను ఒక్క చేత్తో పక్కకు లాగాడు. కిర్రుమని కూడా అనలేదు. చెప్పుల్లేకుండా మెట్లు దిగిపోయాడు.

ఫోన్ లైటు వేసుకుని వెనకే పరిగెత్తాను. బంగళా ముందు నుంచి అడవిలోకి చెక్కలతో వేసిన బాట ఉంది. దాని మీద వెళ్తాడేమో, పట్టుకుందాం అనుకున్నాను. ఆయన బాట ఎక్కలేదు. పక్కన బురదలో దిగి తిన్నగా కాలువ వైపు నడుస్తున్నాడు.

మడ అడవిలో బురద ఎలా ఉంటుందో చూశారా? నేలలోంచి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. నేను అడుగు వేస్తే మోకాలు దాకా దిగిపోయింది. అరికాళ్ళు చీరుకుపోయాయి. ఏడుస్తూ ఒక్కో కాలూ లాక్కుంటూ వెళ్తున్నాను. ఆయన మాత్రం సొంత చెరువు గట్టు మీద నడిచినట్టు చకచకా పోతున్నాడు. అవతల నీళ్ళు మెరుస్తున్నాయి. పోటు ఎక్కుతోంది. ఆయనకు ఈత రాదు. రొయ్యల రైతుకు ఈత రాకపోవడమేంటని నవ్వుతారేమో, మా చెరువులు నడుంలోతే.

అప్పుడు విన్నాను.

"బాబుగారూ..."

కాలువ దగ్గర నుంచి. మగగొంతు. మెల్లగా, ఎంతో మర్యాదగా పిలిచింది. చెరువు మీద కాపలా మనిషి పిలిచినట్టే ఉంది.

"బాబుగారూ... ఫ్యాన్లాగిపోయాయండి... ఇటండి..."

"వస్తున్నా" అన్నాడు మా ఆయన.

లైటు అటు వేశాను. మనిషి కనపడలేదు. చెట్లు, నీళ్ళు... అంతే. లైటు అంత దూరం ఆనలేదు కూడా. ఉన్నాడో లేడో నేను ఒట్టేసి చెప్పలేను. గొంతు మాత్రం విన్నాను.

"ఏవండీ" అని అరిచాను. తిరగలేదు. "ఏవండీ, మిమ్మల్నే" అని గొంతు చించుకున్నాను. వినపడనట్టే పోతున్నాడు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి ఆయనకు.

"ఇటండి... బాబుగారూ..."

"ఆ, వస్తున్నా, వస్తున్నా."

నాకు భయం పోయి ఒళ్ళు మండిపోయింది. నిజం చెబుతున్నాను. ఎవడు వీడు? ఇరవై రెండేళ్ళుగా నాతో కాపురం చేసిన మనిషి, నేను గొంతు చించుకుంటే పలకడు... ముఖం చూపించని వాడు ఒక్కసారి పిలిస్తే వస్తున్నా అంటాడా?

మా వైపు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. ఆయుష్షు తగ్గుతుందంటారు. ఆసుపత్రిలో ఆయన పేరు అడిగితే కూడా నేను కాగితం మీద రాసి ఇచ్చేదాన్ని. ఆ రాత్రి బురదలో నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాను.

"సూరిబాబూ."

ఆగాడు. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. మెల్లగా తిరిగి చూశాడు.

"ఏంటే... పేరు పెట్టి పిలుస్తున్నావ్?" అన్నాడు.

మావుళ్ళమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఆ మాట ఆయన నోట్లో ఉండగానే కాలువలో ఏరియేటర్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి అన్నీ ఒక్కసారే. టపటపటపటప... ఆయన వెనక, ఇంకో పది అడుగుల అవతల. నా ముఖం మీద నీటి తుంపర పడింది. ఆయన ఉలిక్కిపడి అటు చూసి, "ఎవరి చెరువే అది?" అన్నాడు. ఆయన కూడా విన్నాడండీ. విన్నాడు. నేను జబ్బ పట్టుకుని లాక్కొచ్చాను. మెట్లెక్కేదాకా వెనక్కి చూడనివ్వలేదు.

గడియ మళ్ళీ బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగినా పడలేదు. మంచం తలుపుకు అడ్డం జరిపి తెల్లవార్లూ దాని మీదే కూర్చున్నాం. ఆయన ఒక గంటకే గురక పెట్టాడనుకోండి.

తెల్లారి నేను మాట ఎత్తబోతే ఏమన్నాడో తెలుసా? "నిద్రలో నడిచానే. అలవాటు కదా" అన్నాడు. మరి ఎవరి చెరువు అని అడిగారే అంటే, అడగలేదన్నాడు. "అదలా ఉంచు, నలుగురూ వినేలా పేరు పెట్టి అరుస్తావా?" అని నా మీదే ఎగిరాడు. ఆ అడవిలో నలుగురెవరండీ? ప్రాణాలు కాపాడిన దాన్ని పట్టుకుని పరువు తీశావంటాడా? ఏడవాలో కొట్టాలో తెలియలేదు నాకు. అప్పుడే ఆయన కాళ్ళ వంక చూశాను. నా కాళ్ళు మోకాళ్ళ దాకా బురద, అరికాళ్ళ నిండా గాట్లు. ఆయన పాదాలకు చీలమండల దాకా మట్టి ఉంది, అంతే. ఒక్క గీత కూడా లేదు.

వీర్రాజు టీ తెచ్చాడు. "ఇక్కడ రొయ్యల చెరువులు ఉన్నాయా?" అని నిలదీశాను.

"లేవండి. ఇక్కడ తవ్వనివ్వరండి." టీ గ్లాసు నా చేతికిచ్చాడు. "ఎప్పుడో ఎవరో దొంగతనంగా తవ్వారంటారండి. పోటుకు గట్లు తెగిపోయాయంటారు. నేనిక్కడ పనిలో చేరకముందు మాటండి, నాకు తెలీదండి."

"రాత్రి మా ఆయన నిద్రలో బురదలోకి వెళ్ళిపోయాడు. మీరు ముందే చెప్పొద్దా?"

వీర్రాజు ముఖం మారిపోయింది. కారులో సంచులు పెడుతున్న మా ఆయన వైపు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"బాబుగారు పలికారా అమ్మగారూ?"

నేను గొంతు సంగతి చెప్పనే లేదండీ. ఎవరో పిలిచారని నా నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. నిద్రలో నడిచాడని మాత్రమే చెప్పాను.

"పలికాడు. పలికితే ఏంటి?" అన్నాను.

గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. "ఏంటయ్యా, చెప్పు" అని వంటగది దాకా వెంట వెళ్ళాను. లోపల నుంచి తలుపు వేసుకున్నాడు. అది మర్యాదా? అతిథులకు చేసే మర్యాద అదేనా అండీ?

ఇది జరిగి మూడు నెలలైంది. మళ్ళీ చెరువుల్లో రొయ్యపిల్ల వేశాం. ఆయన రాత్రిళ్ళు చెరువు గట్టు మీద పాకలో పడుకుంటాడు. నేను కూడా వెళ్తున్నాను. నా కొంగు ఆయన చొక్కా గుండీకి ముడి వేసి పడుకుంటున్నాను. ఈ వయసులో కొత్త దంపతుల్లా పాకలో కాపురమేంటని ఊరంతా ముసిముసి నవ్వులు. నవ్వుకోనివ్వండి. వాళ్ళ మొగుళ్ళను ఎవరూ పిలవలేదు కదా.

మొన్న ఉండబట్టలేక ఆ బంగళాకు ఫోన్ చేశాను. వీర్రాజే ఎత్తాడు. ఫలానా భీమవరం వాళ్ళం అన్నాను. గుర్తుపట్టాడు. పలికితే ఏమవుతుందో చెప్పమని అడుగుదామని నోరు తెరిచేలోపు అతనే అడిగాడు.

"బాబుగారు ఉన్నారా అమ్మగారూ?"

"ఉన్నారు, పాకలో పడుకున్నారు" అన్నాను.



"ఇంకా ఉన్నారా అండి..." అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.